నెమ్మదికి కట్టిన ఇల్లు: పుదుచ్చేరిలోని గోల్కొండ

తెలుగులో ‘నెమ్మది’ అనే మాటకు రెండు అర్థాలున్నాయి. నడకలో తొందర లేకపోవడం ఒకటి, మనసులో కలత లేకపోవడం మరొకటి. బండి నెమ్మదిగా సాగిందంటాం, కబురు విన్నాక ప్రాణం నెమ్మదించిందనీ అంటాం. ‘నిదానం’ అన్న మాట తీరు కూడా ఇంచుమించు అంతే. వేగం తగ్గడాన్నీ, శాంతి కలగడాన్నీ భాష ఒకే మాటలో ఇమిడ్చిందంటే, ఆ రెంటి మధ్య ఏదో చుట్టరికాన్ని మన పూర్వులు గుర్తించి ఉండాలి. అయితే పరిపాలనారంగంలో ఉన్నవారికి నెమ్మది అనగానే మొదట స్ఫురించేది శాంతి కాదు, ఆలస్యం. గడువు దాటిన పని, కదలని దస్త్రం, సగంలో ఆగిన కట్టడం గుర్తుకు వస్తాయి. మరి నెమ్మదికి, ఆలస్యానికి భేదమెక్కడ? నిత్యజీవితంలో భగవంతుని సన్నిధిని అనుభవించడానికి వేగం తగ్గించుకోవాలని అన్ని మతాల పెద్దలూ చెప్పారు. అందుకు పని మానుకోవాలా, లేక పనిలోనే ఆ సన్నిధికి చోటు దొరుకుతుందా?

ఈ ప్రశ్నకు ఇరవయ్యవ శతాబ్దపు పుదుచ్చేరి పట్టణం ఒక సమాధానం చెప్పింది. దానిలో కొంత గ్రంథాలలోను, లేఖలలోను ఉంది. కొంత కాంక్రీటు, టేకు, రాయి రూపంలో నిలిచి ఉంది. ఆ కట్టడం పేరు గోల్కొండ. ఫ్రెంచి ఉచ్చారణలో ‘గోల్‌కోండ్’ అని పలికే ఆ పేరు మన తెలుగుదేశపు కోట పేరే కావడం కాకతాళీయం కాదు.

కోమటి వీధి నుంచి ఆశ్రమం దాకా

1910 ఏప్రిల్ 4న శ్రీ అరవిందులు కలకత్తా నుంచి ఓడలో బయలుదేరి ఫ్రెంచివారి ఏలుబడిలో ఉన్న పుదుచ్చేరి రేవులో దిగారు. బ్రిటిషు ప్రభుత్వం నిఘా పెట్టిన ఈ రాజకీయ నాయకునికి మొదట ఆశ్రయమిచ్చింది కాల్వె శంకరచెట్టి గృహం. అది ఉన్నది కోమటి వీధిలో. తెలుగు వర్తకులను స్ఫురింపజేసే పేరు గల ఆ వీధిలో, మేడమీది గదులలో, అరవిందులు ఆరు మాసాలపాటు దాదాపు అజ్ఞాతంగా గడిపారు. ఆ కాలంలోనే ఆయన 23 రోజులు ఉపవాసం చేశారు. ఆ ఉపవాస దినాలలో కూడా రోజుకు ఎనిమిది గంటల నడక మానలేదని తరువాతి కాలంలో ఆయనే శిష్యులకు చెప్పారు. ఈ చిన్న విషయం గమనించదగినది. ఏకాంతవాసపు తొలి దశలో కూడా ఆయన దృష్టిలో నిశ్చలత్వమంటే కదలకుండా కూర్చోవడం కాదు.

1914 ఆగస్టు 15న ‘ఆర్య’ మాసపత్రిక ఆరంభమైంది. నెలకు 64 పుటలు వెలువడిన ఆ పత్రికలో అధికభాగం అరవిందుల రచనే. 1921 జనవరి వరకు ఆరున్నరేళ్ళపాటు ఆ పని సాగింది. రాజకీయాల నుంచి విరమించినవాడు పని నుంచి విరమించలేదనడానికి ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. 1914 మార్చి 29న తొలిసారి ఆయనను దర్శించి, 1920 ఏప్రిల్ 24న శాశ్వతంగా పుదుచ్చేరి చేరిన ఫ్రెంచి వనిత మిర్రా అల్ఫాసా, ఆశ్రమవాసులు శ్రీమాత అని పిలుచుకున్న వ్యక్తి, ఈ చరిత్రలో రెండవ ప్రధాన పాత్ర. 1926 నవంబరు 24 తరువాత అరవిందులు పూర్తిగా తమ గదులకే పరిమితమయ్యారు. అప్పటికి చుట్టూ ఉన్న శిష్యులు పాతికమంది లోపే. వారి ఆధ్యాత్మిక, లౌకిక భారాలు రెండూ శ్రీమాత చేతికి వచ్చాయి. శ్రీ అరవిందాశ్రమానికి ఆ రోజే స్థాపనదినం. తరువాతి ఎనిమిదేళ్ళలో ఆశ్రమవాసుల సంఖ్య నూట యాభైకి చేరువైంది.

అంతమందికి వంట, బట్టల ఉతుకుడు, ఇళ్ళ మరమ్మతు, తోటపని, లెక్కలు తప్పవు. పాతకాలపు మఠాలలో ఇటువంటి పనులను సేవకులకో, కొత్తగా చేరినవారికో అప్పగించి, పెద్దలు ధ్యానంలో ఉండడం పరిపాటి. పుదుచ్చేరిలో అలా జరగలేదు. చదువుకున్నవారు, వైద్యులు, ఇంజినీర్లు, కవులు అందరూ ఏదో ఒక విభాగంలో పనికి కుదిరారు. సహజంగానే ఫిర్యాదు కూడా పుట్టింది. పని వల్ల ధ్యానానికి తీరిక దొరకడం లేదు, భగవంతుని కోసం ఇంత దూరం వచ్చి ఈ గిన్నెలూ ఇటుకలూ లెక్కపెట్టడమేమిటి అని సాధకులు గురువుకు వ్రాసుకున్నారు.

పనిలోనే సన్నిధి

ఈ సందేహాలకు అరవిందులు 1930ల నడిమి సంవత్సరాలలో ఇచ్చిన జవాబులు ఆధునిక భారత ఆధ్యాత్మిక వాఙ్మయంలో ఒక ప్రత్యేక శాఖ. ప్రతిరోజూ సాయంత్రం నుంచి తెల్లవారుజాము దాకా ఆయన శిష్యుల లేఖలకు సమాధానాలు వ్రాసేవారు. 1938 నవంబరులో కాలి ఎముక విరిగేదాకా ఆ శ్రమ సాగింది. నెమ్మదిని బోధించినవారికి తీరిక ఎక్కువ ఉండేదనుకోవడం పొరపాటు.

ఆ లేఖల సారాంశం ఇది. పని మొదలుపెట్టే ముందు ఒక్క క్షణం ఆగి దానిని భగవంతునికి సమర్పించడం, పని ముగిశాక మళ్ళీ ఒకసారి సమర్పించడం, మధ్యలో గుర్తు వచ్చినప్పుడల్లా స్మరించడం. మొదట్లో స్మరణ తప్పిపోతూ ఉంటుంది. దానికి దిగులు పడనక్కరలేదు. సాధన ముదిరిన కొద్దీ మనసులో ఒక భాగం వెనుక నిశ్చలంగా నిలుస్తుంది, మరో భాగం చేతులతో కలిసి పని చేస్తుంది. అప్పుడు పని ధ్యానానికి అడ్డు కాదు. గీత చెప్పిన కర్మయోగమే ఇది. ఆయన చేసినదల్లా ఆ యోగాన్ని యుద్ధభూమి నుంచి వంటింటికీ, వడ్రంగి కొట్టానికీ తీసుకురావడం.

ఇటువంటి అన్వేషణ ఇతర దేశాలలోనూ జరిగింది. పదిహేడవ శతాబ్దంలో పారిస్ నగరపు కార్మెలైట్ మఠంలో వంటశాల పని, తరువాత చెప్పులు బాగుచేసే పని చేసిన బ్రదర్ లారెన్స్ అనే సామాన్య సన్యాసి, గిన్నెల చప్పుడు మధ్య తనకు దేవుని సన్నిధి ప్రార్థనాసమయంలో కంటె తక్కువగా ఉండదని చెప్పేవాడు. 1691లో ఆయన మరణించిన పిమ్మట ఆయన లేఖలు, సంభాషణలు గ్రంథరూపం పొంది లోకప్రసిద్ధమయ్యాయి. మన పోతన్న నాగలి పట్టి సేద్యం చేసుకుంటూనే భాగవతం వ్రాశాడని తెలుగు సంప్రదాయం చెప్పుకుంటుంది. అయితే వీరివి వ్యక్తిగత సాధనలు. పుదుచ్చేరి ప్రత్యేకత అది సామూహిక ప్రయోగం కావడం. ఒక మనిషి అభ్యాసాన్ని ఒక సంస్థ దినచర్యగా మలచడం సులభం కాదు. సంస్థకు లెక్కలు కావాలి, వేళలు కావాలి, ఒకరి పనికి మరొకరు జవాబుదారీ కావాలి.

శ్రీమాత ఆ నిర్మాణాన్ని సమకూర్చారు. విభాగాల బాధ్యులు తమ తమ పనుల వివరాలను పుస్తకాలలో వ్రాసి ఆమెకు పంపేవారు. ఆమె వాటిమీద తన సూచనలు వ్రాసి తిప్పి పంపేవారు. తరువాత అచ్చయిన ఆ ఉత్తరప్రత్యుత్తరాలలో వేదాంతచర్చ తక్కువ. తలుపుల మరమ్మతు, రంగుల కొలత, కూలివాండ్రతో మాట్లాడవలసిన తీరు, బండిఎద్దుల పట్ల చూపవలసిన దయ వంటి విషయాలే ఎక్కువ. ఎద్దును అదిలించే గొంతులో కూడా సాధన పరీక్షకు వస్తుందన్నమాట. 1938 నుంచి 1962 వరకు ప్రతి ఉదయం ఆమె మేడమీది వసారాలో కొద్ది నిమిషాలు మౌనంగా నిలిచి దర్శనమిచ్చేవారు. క్రింది వీధిలో గుమిగూడినవారు ఆ మౌనాన్ని వెంట తీసుకుని ఎవరి పనికి వారు వెళ్ళేవారు. దినమంతా ధ్యానం కాదు, దినానికి ఒక మౌనపు మొదలు. పూలకు కూడా ఆమె ఆధ్యాత్మిక గుణాల పేర్లు పెట్టారు. అవి దాదాపు 900. తోటలో పనిచేసేవారికి ప్రతి మొక్కా ఒక స్మరణ కావాలన్నది దాని ఫలితం.

లక్ష రూపాయలు, ముగ్గురు విదేశీయులు

ఈ ఆలోచనకు అతిపెద్ద పరీక్ష 1937లో ఎదురైంది. పెరుగుతున్న ఆశ్రమవాసులకు వసతిగృహం అవసరమైంది. హైదరాబాదు సంస్థానంలో దీర్ఘకాలం ఆర్థిక వ్యవహారాలు చూచి, ఆ సంవత్సరమే ప్రధానమంత్రి పదవి చేపట్టిన సర్ అక్బర్ హైదరీ అరవిందులపట్ల భక్తిగలవారు. ఉస్మానియా విశ్వవిద్యాలయ స్థాపనలోను, అజంతా గుహల పరిరక్షణలోను పాలుపంచుకున్న ఈ పరిపాలకుని చొరవతో నిజాం నుంచి లక్ష రూపాయల విరాళం వచ్చింది. ఆ కృతజ్ఞతకు గుర్తుగా భవనానికి గోల్కొండ అని పేరు పెట్టారు.

ఆశ్రమంలో పవిత్ర అనే పేరుతో ఉన్న ఫ్రెంచి ఇంజినీరు ఫిలిప్ బార్బియే సాంతిలేర్ పూర్వం జపానులో ఉన్నప్పటి పరిచయంతో, టోక్యోలో పనిచేస్తున్న చెక్ వాస్తుశిల్పి ఆంటొనిన్ రేమాండ్‌కు ఈ పని అప్పగించారు. రేమాండ్ కార్యాలయం నుంచి జపాను సంతతికి చెందిన అమెరికన్ జార్జ్ నకషిమా, అంతకుముందు ల కార్బూజియే వద్ద పనిచేసిన చెక్ దేశీయుడు ఫ్రాంతిషెక్ సామర్ పుదుచ్చేరికి వచ్చారు. నకషిమా కొద్దికాలానికే జీతం వద్దని ఆశ్రమవాసిగా చేరిపోయాడు. అరవిందులు ఆయనకు సుందరానంద అని పేరు పెట్టారు. తరువాతి కాలంలో అమెరికాలో కొయ్యపనికి ప్రఖ్యాతుడైన ఈయన, చెట్టును గౌరవించి పని చేయడమనే తన దృష్టికి పుదుచ్చేరి జీవితం పునాది అని చెప్పుకున్నాడు.

కట్టడానికి పూనుకున్న పద్ధతే విశేషం. బయటి గుత్తేదారుకు ఇవ్వలేదు. ఆశ్రమవాసులు, వారితోపాటు కూలి మీద వచ్చిన పనివారు కలిసి కట్టారు. అంతకుముందు కాంక్రీటు పని ఎరుగనివారు నేర్చుకుని చేశారు. ఒక గదిని ముందుగా అసలు పరిమాణంలో నమూనాగా నిలబెట్టి చూచుకున్నారు. పని గడువు గురించిగాని, వ్యయపరిమితి గురించిగాని ఒప్పందపత్రమంటూ లేదని రేమాండ్ తన ఆత్మకథలో ఆశ్చర్యంతో స్మరించాడు. 1939లో ప్రపంచయుద్ధం వచ్చింది. 1940లో ఫ్రాన్సు పతనమైంది. దిగుమతులు దుర్లభమయ్యాయి. తలుపులకు, కిటికీ పలకలకు కావలసిన ఇత్తడి బిగింపులను ఆశ్రమ కార్మికశాలలోనే పోత పోసి చేసుకున్నారు. ప్రధాన నిర్మాణం 1942 నాటికి ఒక రూపానికి వచ్చింది. తుది మెరుగులు ఆపైన కూడా సాగాయి.

ఆ భవనానికి గాజు కిటికీలు లేవు. ఉత్తర దక్షిణ ముఖాలు రెండూ తిప్పుకోదగిన అడ్డపలకలతో నిండి ఉంటాయి. ఎండను ఆపి గాలిని రానిస్తాయి. గదుల జరుపుడు తలుపులు టేకువి. మూసి ఉన్నా సందులగుండా గాలి ఆడేటట్లు పట్టెలు అమర్చారు. పైకప్పు మీద వంపుపెంకుల వంటి కాంక్రీటు పలకలు పరచి రెండవ కప్పు కల్పించారు. రెండు వైపులా తోటలు. నేల నల్లని కడప బండలు. హైదరాబాదు ధనం, కడప రాయి, జపాను నేర్పు, ఐరోపా శిల్పం, తమిళనాట పనివారి చేయి. చండీగఢ్ నిర్మాణం మొదలు కావడానికి దశాబ్దం ముందే ఈ దేశంలో వెలసిన ఆధునిక వాస్తుకృతిగా చరిత్రకారులు దీనిని పేర్కొంటారు. యంత్రసాయం లేకుండానే సముద్రపుగాలితో చల్లబడే ఆ గదులు మనిషిని నెమ్మదింపజేయడానికే పుట్టినట్లుంటాయి.

ఆలస్యమా, నెమ్మదా?

ఇక్కడ చరిత్ర విద్యార్థి జాగ్రత్తపడాలి. గోల్కొండ కట్టడానికి ఏళ్ళు పట్టినదంతా ఆధ్యాత్మిక కారణం వల్లనే అనడం సత్యదూరం. అందులో యుద్ధం వాటా ఉంది, సామగ్రి కొరత వాటా ఉంది, అనుభవం లేని చేతుల వాటా ఉంది. వీటన్నిటినీ కలిపి దైవసంకల్పంగా వర్ణించడం భక్తులకు ఇంపు కావచ్చు, చరిత్రకు కాదు. మరొక మాట. ఒప్పందం లేని, గడువు లేని పని చేయగలిగే సౌలభ్యం విరాళం మీద నడిచే సంస్థకు ఉంటుంది. సాయంత్రానికి కూలి అందవలసిన మనిషికి తన వేగాన్ని తాను నిర్ణయించుకునే హక్కు తక్కువ. సంస్థానాధీశుల ఐశ్వర్యానికి మూలం ప్రధానంగా భూమిశిస్తు. కనుక ఆ లక్ష రూపాయల వెనుక తెలంగాణ, మరాఠ్వాడా, కన్నడ జిల్లాల రైతుల చెమట ఉంది. ఒకరి నెమ్మదికి మరెవరో తొందరపడి పని చేయవలసి వస్తే, ఆ నెమ్మది సంపూర్ణం కాదు.

గోల్కొండ పేరు వింటే తెలుగువానికి మరో ప్రభుత్వోద్యోగి గుర్తుకు రాక తప్పదు. పదిహేడవ శతాబ్దంలో తానీషా ఏలుబడిలో పాల్వంచ తహసీలుదారుగా ఉన్న కంచెర్ల గోపన్న, వసూలైన సర్కారు సొమ్ము భద్రాచల రామునికి వెచ్చించి గోల్కొండ కోటలో చెర అనుభవించాడు. భక్త రామదాసుగా ఆయన మనకు పూజ్యుడు. అయినా లెక్కల దృష్టితో చూస్తే ఆయన కథలో భక్తికీ ఉద్యోగధర్మానికీ ఘర్షణ ఉంది. రెండున్నర శతాబ్దాల పిమ్మట అదే గోల్కొండ పేరుతో కట్టిన ఇంట్లో ఆ ఘర్షణను మరో విధంగా తీర్చే యత్నం కనిపిస్తుంది. భక్తి కోసం లెక్క తప్పడం కాక, లెక్క తప్పకుండా చూడడమే భక్తి కావడం. మేకు వంకర పోకుండా దించడం, పనిముట్టును తుడిచి దాని చోట పెట్టడం, వ్రాసిన పద్దు సరిచూడడం ఇక్కడ పూజావిధులు.

1945లో ఒక లేఖలో అరవిందులు ఈ దృష్టిని వివరించారు. సౌందర్యం ఆధ్యాత్మిక జీవనంలో భాగమనీ, జీవులలో ఉన్నట్లే జడవస్తువులలోనూ దివ్యచైతన్యం అంతర్నిహితమై ఉందనీ, ప్రతి వస్తువుకూ తనదైన వ్యక్తిత్వం ఉంది కనుక దానిని సరిగా వాడాలనీ, అలక్ష్యంతో పాడుచేయరాదనీ శ్రీమాత విశ్వాసమని, ఆ విశ్వాసానికి రూపమే గోల్కొండ అని ఆయన భావం. గోల్కొండ నివాసులకు విధించిన నిబంధనలు కఠినంగా ఉన్నాయన్న సణుగుడుకు ఆ లేఖే జవాబు. ఈ భావం మనకు కొత్త కాదు. పొరపాటున పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకునే అలవాటు తెలుగు ఇళ్ళలో పిల్లలకు సైతం ఉంది. దసరాలో ఆయుధపూజ నాడు సుత్తికీ, కత్తెరకూ, వాహనానికీ పసుపు కుంకుమలు పెడతాం. ఏడాదికి ఒకనాడు చూపే ఆ శ్రద్ధను ప్రతిదినమూ చూపవలసిందిగా కోరడమే పుదుచ్చేరి చేసిన మార్పు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పవచ్చు. ఆలస్యంలో మనిషి పని దగ్గర ఉండడు, పని మాత్రం అతని కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. నెమ్మదిలో మనిషి పని దగ్గరే ఉంటాడు. గడియారం రెంటినీ ఒకే తీరుగా కొలుస్తుంది కనుక పైకి భేదం తెలియదు. ఆరు నెలలు బల్లమీద పడి ఉన్న అర్జీని నెమ్మది అనలేం. దాన్ని రెండుసార్లు చదివి, అర్జీదారు అడిగినదేమిటో గ్రహించి, పది నిమిషాలు ఎక్కువ తీసుకుని సరైన ఉత్తర్వు వ్రాస్తే అది నెమ్మది. మొదటిది పౌరుని కాలాన్ని హరిస్తుంది. రెండవది ఉద్యోగి తన కాలాన్ని సమర్పించడం. దేవుణ్ణి నమ్మేవాడు దానిని సన్నిధి అంటాడు, నమ్మనివాడు శ్రద్ధ అంటాడు. అర్జీదారుకు అందే ఫలం మాత్రం ఒకటే.

శ్రీ అరవిందులు 1950 డిసెంబరు 5న, శ్రీమాత 1973 నవంబరు 17న దేహం చాలించారు. ఆశ్రమప్రాంగణంలో ఇద్దరిదీ ఒకే సమాధి. దాని చుట్టూ జనం మౌనంగా కూర్చుంటారు. పుదుచ్చేరికి వచ్చే యాత్రికులు సాధారణంగా చూచి వెళ్ళేది దీనినే. గోల్కొండ నేటికీ వసతిగృహంగానే ఉంది కనుక దానిని చూడాలంటే అనుమతి కావాలి. లోపలికి వెళ్ళినవారిని మొదట ఆకర్షించేది శిల్పం కాదు, శుభ్రత. ఉప్పుగాలి సోకే తీరంలో ఎనిమిది దశాబ్దాలకు పైబడిన కాంక్రీటు కట్టడం చెక్కుచెదరకుండా నిలవడం వాస్తుశిల్పి ప్రతిభ వల్ల మాత్రమే సాధ్యం కాదు. ప్రతి ఉదయం ఆ పలకలను ఎవరో తుడిచారు, ఇత్తడి బిగింపులను మెరిపించారు, తలుపు జారే గాడిలో ఇసుక తీశారు.

మన ప్రభుత్వాల కట్టడాలకు శంకుస్థాపన శిలాఫలకముంటుంది, ప్రారంభోత్సవ శిలాఫలకముంటుంది. నిర్వహణకు ఏ శిలాఫలకమూ ఉండదు, చాలాచోట్ల తగిన పద్దూ ఉండదు. గోల్కొండ కట్టినవారిలో పలువురి పేర్లు చరిత్రకెక్కాయి. దాన్ని ఇన్నేళ్ళు తుడిచినవారి పేర్లలో చాలా భాగం ఎక్కలేదు. ఆ ఇల్లు ఏ భావంతో కట్టారో తెలుసుకోవాలంటే గ్రంథాలు చదవాలి. ఆ భావం ఇంకా బతికి ఉన్నదో లేదో తెలుసుకోవడానికి కిటికీ పలకమీద వేలు పెట్టి దుమ్ము ఉందేమో చూస్తే చాలు.